కొత్తోళ్ల ముందర

పులివెందుల బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాక కూడా జైబున్నీసా నోరు తెరవలేదు. తెరిస్తే ఏం మాట ఊడిపడుతుందో ఆమెకే నమ్మకం లేదు. కిటికీ పక్కన కూతురు ఆర్షియా మాత్రం పెళ్లికి పోయి వస్తున్నట్టు హాయిగా కూర్చుని, బడిలో మేడం ఇచ్చిన చాక్లెట్టు చప్పరిస్తోంది. ఆ చప్పుడు వింటుంటే తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి. పొద్దున్నే లేచి, పిల్లకు తలంటి, రెండు జడలేసి, కొత్త రిబ్బన్లు కట్టి, ఖాళీ కడుపుతో బస్సెక్కించి తీసుకొచ్చింది పులివెందులలో ఆడపిల్లల హాస్టలు బడికి. అందులో అయిదో తరగతిలో చేరితేనే చేరినట్టు, ఆ తర్వాత ఏ తరగతిలోనూ చేర్చుకోరు. పెద్దగా పరీక్షేం లేదు. హెడ్మిస్ట్రెస్ మంజుశ్రీ మేడం ఒక పుస్తకం ఇస్తుంది, పిల్ల చదవాలి, అంతే. ఆర్షియా ఏం చేసింది? పుస్తకం వంక చూసింది, మేడం వంక చూసింది, ముద్దుగా నవ్వింది. మొదటి అక్షరం కింద వేలు పెట్టి 'ఏ... ఏ...' అని సాగదీసి తల అడ్డంగా ఊపింది. పాపం ఇంగ్లీషు రాదేమోనని మేడం తెలుగు వాచకం తెరిచి ఇస్తే, దానికీ అదే నవ్వు, అదే వేలు, అదే తల ఊపడం. రాదు మేడం అని చక్కగా చెప్పింది కూడా.

మంజుశ్రీ మేడం కసురుకోలేదు. చాక్లెట్టు చేతిలో పెట్టి, తల్లిని పక్కకు పిలిచి, పునాది బొత్తిగా లేదమ్మా, రేపు మధ్యాహ్నానికి సీట్లు నిండిపోతాయి, ఆశ పెట్టుకోవద్దు అని మెల్లగా చెప్పింది. ఆ మెల్లగా చెప్పడమే జైబున్నీసాకు ఇంకా కాలింది. తిట్టినా బాగుండేది.

పునాది లేకపోవడమేంటి? కువైట్ నుంచి తెచ్చిన పాలపొడి డబ్బా మీద ఉన్నదంతా ఈ పిల్ల నిన్న గడగడా చదివి, అర్థం కూడా చెప్పింది. విమానం టికెట్టులో ఏముందో తల్లికి విడమరిచి చెప్పింది ఇదే పిల్ల. జైబున్నీసా కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి అదే బతుకు. ఇన్నాళ్లూ ఆర్షియాను అత్తగారు చూసుకునేది. ఆ ముసలామె మొన్న వానల్లో కన్నుమూసింది. సెలవు అయిపోవచ్చింది, వచ్చే వారం తిరిగి పోవాలి. ఈ హాస్టలు సీటొస్తే పిల్ల చదువుకుంటుంది. రాకపోతే ప్రొద్దుటూరులో మరిది రహమతుల్లా ఇల్లే దిక్కు.

రహమతుల్లా నగల షాపులకు బంగారు పని చేస్తాడు, నెమ్మదస్తుడు, ఆయనతో పేచీ లేదు. పేచీ అంతా ఆయన భార్య అమీనాబీతో. ఆమెకు ఈమధ్యనే కవలలు పుట్టారు. ఆర్షియాను మా ఇంట్లో వదిలిపో అక్కా, పిల్లోళ్లను చూసుకుంటా ఉంటాదిలే అని అమీనాబీ తేనె పూసి చెప్పింది. పిల్లోళ్లను చూసుకోవడం అంటే ఏమిటో జైబున్నీసాకు ఒకరు చెప్పాలా? పొద్దున లేచింది మొదలు పొద్దు గూకేదాకా కువైట్‌లో ఆమె చేసేది అదే.

ముద్దనూరు దాటాక ఇంక ఆగలేకపోయింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకు చదవను వచ్చునా, రాదా? నిజం చెప్పు."

"వచ్చుమా."

"మరి ఆడ రాదని ఎందుకు చెప్పినావు? మతి పోయిందా నీకు?"

ఆర్షియా తల్లి మొహంలోకి వింతగా చూసింది. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

"కొత్త మేడం గదా. కొత్తోళ్ల ముందర రానట్టే ఉండాల. ఎంకటసాయి సారు చెప్పినాడు. నేను శానా బాగా చేస్తానని నన్నే ముందర నిలబెడతాడు."

ఆ తర్వాత జమ్మలమడుగు వచ్చేదాకా పిల్ల చెప్తూనే ఉంది, తల్లి వింటూనే ఉంది. వినేకొద్దీ ఒళ్లు మండిపోయింది.

వెంకటసాయి సారు జమ్మలమడుగులో, పాత పత్తి గోడౌను ఒకటి అద్దెకు తీసుకుని తోటబడి అని పేరు పెట్టి నడుపుతున్నాడు. పేద పిల్లలకు సాయంత్రం చదువు, సెలవుల్లో మధ్యాహ్నం అన్నం. చదువు చెప్పేది పై దేశాల నుంచి వచ్చే పడుచు పిల్లలు. వాళ్లకు ఎవరూ జీతమివ్వరు. సొంత ఖర్చుతో విమానమెక్కి వచ్చి, తోటబడికి కూడా ఇంత కట్టి, మూడు వారాలుండి, పేద పిల్లలకు సేవ చేసి పోతారు. ఒక జట్టు పోగానే ఇంకో జట్టు దిగుతుంది. మొదట్లో వచ్చినవాళ్లు బాగానే నేర్పారు, కాదనకూడదు. ఆర్షియాకు ఇంగ్లీషు వచ్చింది వాళ్ల చలవే. చిక్కల్లా పిల్లలకు చదువు వచ్చేశాక మొదలైంది. తర్వాత వచ్చిన జట్టు ఏ, బీ, సీ మొదలుపెట్టగానే పిల్లలు జడ్ దాకా ఒక్క గుక్కలో చెప్పేశారట. పాపం ఆ దొరబిడ్డల మొహాలు వాడిపోయాయట. మేం చేయడానికి ఇక్కడ ఏముంది అని ఇద్దరు మధ్యలోనే వేరే ఊరికి పోయారట.

అప్పటి నుంచి సారు కొత్త పద్ధతి పెట్టాడు. మొదటి రోజు ఎవరికీ ఏమీ రాకూడదు. రెండో వారంలో కొంచెం కొంచెం రావాలి. వీడ్కోలు రోజు నిలబడి నాలుగు ముక్కలు చదవాలి. వచ్చినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు, పిల్లలు కూడా పెట్టుకోవాలి. సోమవారం కొత్త జట్టు, మళ్లీ మొదటికి. పిల్లలకు అదొక ఆట. అందులో ఆర్షియా అందరికన్నా పెద్ద ఆటగత్తె.

ఇదంతా విని జైబున్నీసా పిల్ల చెయ్యి వదిలేసింది. కోపం ఒకటే అయితే సరే, కోపం కింద ఇంకోటుంది. కువైట్‌కు పోయిన మొదటి ఏడాదే ఆమెకు అరబ్బీ వచ్చేసింది. వచ్చిందని ఇంటావిడకు ఎన్నేళ్లయినా తెలియనివ్వలేదు. తెలియనట్టు ఉంటే సగం తిట్లు తగలవు, సగం పనులు పడవు. ఈ సంగతి ఫోనులో అత్తగారికి చెప్పి పడీ పడీ నవ్వేది. పనిమనిషికి అన్నం పెట్టే విద్య అది. ఆ విద్య తన పిల్లకు అక్కర్లేదనే గదా ఎడారిలో పడి ఉన్నది. తీరా చూస్తే, బడికి పంపిన పిల్లకు బళ్లో నేర్పింది అదే.

బస్సు దిగి ఇంటికి పోలేదు. పిల్లను రెక్క పట్టుకుని నేరుగా తోటబడికే నడిచింది.

అక్కడ పండగ చేసినట్టుంది. రంగు కాగితాలు, అరటిపళ్లు, మైకు. ఆ జట్టుకు అది వీడ్కోలు రోజు, సాయంత్రం ముద్దనూరులో రైలెక్కి పోతారు. వెంకటసాయి తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లోనే ఎదురయ్యాడు. మనిషి మాట మెత్తన. రా అక్కా, కూర్చో అక్కా, ఆర్షియా రాదేమోనని భయపడ్డా అక్కా అన్నాడు. జైబున్నీసా కూర్చోలేదు. పులివెందులలో జరిగింది జరిగినట్టు చెప్పి, నువ్వు చేసిన నిర్వాకమిది, నువ్వే దిద్దు, ఆ మేడంకు ఫోను చేసి నిజం చెప్పు అంది.

అతను కాదనలేదు, అవుననలేదు. వాళ్లు రాకపోతే ఈ బడి లేదక్కా అని మొదలుపెట్టాడు. ఈ అన్నం లేదు, పుస్తకాల్లేవు, పిల్లోళ్లందరూ పొద్దంతా వీధుల్లో తిరుగుతారు. ఒక చిన్న నటన వల్ల ఎవరికేం నష్టం, పరీక్షలో కూడా నటిస్తుందని నాకేం తెలుసు అన్నాడు. ఫోను చేస్తే సంగతి నలుగురికీ పొక్కుతుందని అతని భయం. చివరికి గొంతు తగ్గించి బేరం పెట్టాడు.

"ఈ ఒక్క గంట పిల్లను నిలబెట్టు అక్కా. వాళ్లు ఎళ్లిపోతానే మేడంకు ఫోన్ చేస్తా. నా మీద ఒట్టు."

జైబున్నీసా పళ్లు నూరుకుంది. వాడి ఒట్టు ఏ పాటిదో తెలుస్తూనే ఉంది. కానీ సీటు వాడి నోటిలో ఉంది. సరే కానీ అని, వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

లోపల విదేశీ పిల్లలు వరుసగా కుర్చీల్లో ఉన్నారు. అందులో హన్నా అనే అమ్మాయి ఆర్షియాకు పంతులమ్మ. ఇరవై ఏళ్లుంటాయేమో, ఎండకు మొహమంతా కందిపోయి ఉంది. చేతికి పిల్లలు కట్టిన పూసల గాజు, ఒళ్లో లావుపాటి పుస్తకం. మనిషి చెడ్డది కాదు, చూస్తేనే తెలుస్తోంది. ఆర్షియా ముందుకు రాగానే లేచి ఫోను పట్టుకుంది, అప్పటికే కళ్లలో నీళ్లు.

ఆర్షియా మొదలుపెట్టింది. నల్లబల్ల మీద మూడు చిన్న వాక్యాలున్నాయి. పాలపొడి డబ్బాను గడగడా చదివిన పిల్ల, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, తడబడి, నాలుక కరుచుకుని, హన్నా వంక బెదురుగా చూసి, ఆమె తల ఊపాక తర్వాతి అక్షరానికి పోయింది. ఎంత బాగా చేసింది. తల్లికి తెలుసు ఆ చూపు. కువైట్‌లో ఇంటావిడ ఏదైనా చెప్పినప్పుడు, అర్థం కానట్టు తనూ అలాగే చూసేది. సరిగ్గా అదే చూపు పదేళ్ల పిల్ల మొహంలో చూసేసరికి జైబున్నీసాకు ఇంక సీటు గుర్తు రాలేదు, ఫోను గుర్తు రాలేదు.

జనాన్ని తోసుకుని ముందుకు పోయింది. హన్నా ఒళ్లో నుంచి కిందపడ్డ లావు పుస్తకాన్ని తీసి, మధ్యకు తెరిచి, కూతురి చేతుల్లో పెట్టింది.

"చదువు. ఇంట్లో చదివినట్టు చదువు."

ఆర్షియా సారు వంక చూసింది. తల్లి అడ్డంగా వచ్చి నిలబడింది, సారు కనపడకుండా. అప్పుడు పిల్ల చదివింది. ఒక పేజీ చదివి, తిప్పి ఇంకో పేజీ మొదలుపెట్టింది. అది ఇండియా చూడటానికి వచ్చేవాళ్లు కొనుక్కునే పుస్తకం. ఏ నీళ్లు తాగకూడదో, ఎవరిని నమ్మకూడదో అందులో రాసుంది. ఎక్కడా తడబడలేదు.

ఇప్పుడు తెలిసింది గదా మీకు అనుకుంది జైబున్నీసా. ఏం తెలిసింది, వాళ్ల మొహం. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి లేచి చప్పట్లు కొట్టారు. హన్నా వెక్కి వెక్కి ఏడుస్తూ ఆర్షియాను గట్టిగా కౌగిలించుకుని, మూడు వారాలు, మూడే వారాలు అని ఇంగ్లీషులో ఒకటే అనడం. ఆ మాత్రం ఇంగ్లీషు జైబున్నీసాకు వచ్చు.

ఆమెకు కోపం కట్టలు తెంచుకుంది. మూడు వారాల్లో ఎవరికైనా ఇంత చదువొస్తుందా తల్లీ, నీ కళ్లకేమొచ్చింది అని తెలుగులో దులిపేసింది. మీరు ఏడ్చి సంతోషపడాలని మా పిల్లలు రాని పిల్లలుగా ఉండాల్నా అంది. నేను మీలాగే సముద్రం దాటి పోయి పరాయి పిల్లల్ని పెంచుతున్నా, మూడు వారాలకు కళ్లు తుడుచుకుని రాలేదు, వాళ్లకు జ్వరమొస్తే నా బిడ్డను చూసుకునే సెలవు పోగొట్టుకున్నా అంది. అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అంది. హన్నా బిత్తరపోయి వెంకటసాయి వంక చూసింది, ఏమంటోంది ఈమె అని.

వెంకటసాయి నవ్వు మొహంతో మైకు అందుకున్నాడు. తల్లి మనసు పట్టలేక మీకు థాంక్స్ చెప్తోంది అని ఇంగ్లీషులో చెప్పాడు.

అంతే, హన్నా వచ్చి జైబున్నీసాను కూడా కౌగిలించుకుంది. ఇంకెవరో ఫోటో తీశారు. ఆ కౌగిట్లో నుంచి విదిలించుకుని, జైబున్నీసా తనకొచ్చిన కువైట్ ఇంగ్లీషంతా కూడగట్టుకుంది.

"నో థాంక్యూ. లై. ఆల్ లై. షీ నో బిఫోర్."

హన్నా ఆమె కళ్లలోకి చూసింది. అర్థమైంది. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? ఒక్క క్షణం ఆ కందిన మొహం పాలిపోయింది. ఏదో అడగబోయింది. ఇంతలో వెంకటసాయి ఆమె భుజం తట్టి ఏదో చెప్పి నవ్వాడు, బయట బండి హారను కొట్టింది, రైలుకు టైమైపోతోందని ఎవరో కేకేశారు. హన్నా పుస్తకం తీసుకుంది, పిల్లలకు ముద్దులు పెట్టింది, జైబున్నీసా వైపు మాత్రం మళ్లీ చూడలేదు. బండెక్కి పోయింది.

దుమ్ము తగ్గాక వెంకటసాయి వచ్చి, ఇంక ఫోను సంగతి మర్చిపో అక్కా అన్నాడు. జైబున్నీసా అతని కాళ్ల ముందు ఉమ్మేసి ఇంటికి వచ్చింది.

తెల్లారి మొదటి బస్సుకే తల్లీకూతుళ్లు మళ్లీ పులివెందుల పోయారు. దారిలో ఆర్షియా ఒకటే మాట అడిగింది, ఈరోజు వచ్చినట్టు ఉండాల్నా రానట్టు ఉండాల్నా అని. జైబున్నీసా పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఉన్నట్టు ఉండాల. ఎవురి ముందరైనా."

మంజుశ్రీ మేడం మొదట లోపలికే రానివ్వలేదు. అందరికీ ఒకటే న్యాయం, ఒకసారి చదవనిదాన్ని మళ్లీ చదివిస్తే మిగతా తల్లులు ఊరుకోరు అంది. జైబున్నీసా నిన్నటి నుంచి మిగిలిన కోపమంతా ఆమె మీద దించింది.

"పాపం అని చాక్లెట్ ఇచ్చి పంపినారే. ఎందుకు రాదు పాపా అని ఒక్క మాట అడిగినారా మేడం? అడిగింటే ఆడనే చెప్తాండె గదా."

మేడం మొహం ఎర్రబడింది. అటెండరు అప్పుడే తెచ్చిన ఇంగ్లీషు పేపరు తీసి, మడత విప్పి, బల్ల మీద ఆర్షియా ముందు పరిచింది. కంఠతా పట్టి వచ్చిందని అనుకోవడానికి లేదు, ఆ రోజు పేపరది. పిల్ల తల్లి వంక చూసింది. తర్వాత పేపరు వంక చూసింది. ఈసారి వేలు పెట్టలేదు. మైలవరం డ్యాం నీళ్ల గురించి ఏదో వార్త, మొదటి నుంచి చివరిదాకా చదివి, అడగకుండానే తెలుగులో అర్థం చెప్పింది.

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంత బాగా వచ్చినప్పుడు నిన్న ఎందుకు రాదన్నావమ్మా?"

"నాకు రాకపోతే కొత్తోళ్లకు సంతోషం గదా మేడం" అంది ఆర్షియా. "మీకు కూడా సంతోషం అయినట్టుంది. చాక్లెట్ ఇచ్చినారు."

మంజుశ్రీ మేడం లేచి కిటికీ దాకా పోయి వచ్చింది. సోమవారం పెట్టె సర్దుకుని పాపను తీసుకురండి అని మాత్రం అంది. జైబున్నీసా దండం పెట్టబోయి, ఎందుకో చేతులు దించేసుకుంది. ఊరికే ఇచ్చిన సీటు కాదు గదా అది.

బస్టాండులో పిల్లకు దోసె పెట్టించి, తను టీ తాగుతుంటే ఫోను మోగింది. తోటబడి తల్లిదండ్రుల గ్రూపులో వెంకటసాయి ఏదో పెట్టాడు. హన్నా రైల్లో నుంచి పెట్టిన వీడియో అట, అప్పటికే వేలమంది చూశారట. అందులో మొదటి రోజు ఆర్షియా ఉంది, 'ఏ' దగ్గర వేలు పెట్టి తల ఊపుతూ. వెంటనే నిన్నటి ఆర్షియా, లావు పుస్తకం గడగడా చదువుతూ. చివర్న ఫోటోలో హన్నా కౌగిట్లో జైబున్నీసా, మొహం వంకర్లు పోయి, తిడుతూ. తిట్లు ఫోటోలో వినపడవు గదా. చూసేవాళ్లకు ఏడుస్తున్నట్టే ఉంది. కింద ఇంగ్లీషులో ఏదో రాసుంది.

"ఏం రాసిందో చదువు" అంది జైబున్నీసా.

ఆర్షియా ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, ఎడం చేత్తో ఫోను పట్టుకుని చదివి, తెలుగులో చెప్పింది. "మూడు వారాల కిందట ఈ పాపకు ఒక్క అచ్చరం కూడా రాదు అని రాసింది. ఈ పాప నాకు పుస్తకం చదివి వినిపించింది, వాళ్లమ్మ ఏడుస్తా నన్ను కరుచుకుని థాంక్స్ చెప్పింది, నా బతుకు మారిపోయింది అని రాసింది."

జైబున్నీసా టీ గ్లాసు కింద పెట్టింది. ఆ అమ్మాయి కళ్లలోకి చూసి చెప్పింది తను. అర్థమైంది ఆమెకు. అర్థమయ్యాక కూడా రాసింది. కువైట్‌లో ఇంటావిడ సగం జీతం కోసినప్పుడు కూడా ఇంత కాలలేదు. ఎన్ని తిట్లు నోటిదాకా వచ్చాయో లెక్కలేదు.

"కింద మనం రాయొచ్చునా?"

"రాయొచ్చుమా. ఏమని రాయాల?"

తిట్టి రాయించాలని నోరు తెరిచింది. ఎదురుగా పిల్ల ఎంగిలి చెయ్యి కడుక్కుని, పావడాకు తుడుచుకుని, బుద్ధిగా కాచుకుని ఉంది, చెప్పింది చెప్పినట్టు చేయడానికి. ఆ కాచుకోవడం చూసి జైబున్నీసా ఆగిపోయింది.

"నేను చెప్పను. నీ గురించి గదా రాసింది. నువ్వే రాయి."

ఆర్షియా ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు ఆలోచించింది. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. జమ్మలమడుగు బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు. జైబున్నీసా సంచి భుజానికి తగిలించుకుని, ఏం రాశావని అడిగింది.

"నా పేరు ఆర్షియా. నాకు ముందే వచ్చు. హన్నా అక్కకు కూడా తెలుసు" అని చదివి వినిపించింది పిల్ల. పంపేదా అని మాత్రం అడగలేదు. అప్పటికే పంపేసింది.